పరదాకు చోటు లేని బండి

ఆ బండిని ఎంచింది నా భార్య. ఆబిడ్స్‌లో ఈ సంగతి ఒక్కడికీ తెలియదు. శ్యామ్‌సుందర్ మొదటి పందెపు కారు మాట వస్తే అక్కడ ఇప్పటికీ "సాయన్న చేతి ఎంపిక" అంటారు. ఆ సాయన్న నేనే. నాకు కార్ల గురించి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

మెదక్ పక్క పల్లెలో నాలుగో తరగతి దాకా చదివాను. అక్షరాలు గుండ్రంగా రాస్తానని నాంపల్లి స్టేషన్ వెనక వామన్‌రావు సాబ్ తన పాత మోటార్ల షెడ్డులో మున్షీగా పెట్టుకున్నారు. ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎవరిది, ఏ రంగు అన్నది రాయడం నా పని. షెడ్డు వెనక ఒక గది ఇచ్చారు. గదికి కిరాయి లేదు. దానికి బదులు నా భార్య నర్మద మోటార్లకు పరదాలు కుట్టాలి. ఆ రోజుల్లో పెద్ద దేవిడీల, అంటే నవాబుల బంగళాల, ఆడవాళ్ల బండ్లకు నాలుగు వైపులా పరదాలు ఉండేవి. గుడ్డ సాబ్ ఇచ్చేవారు. జీతం నా పేరున వచ్చేది. ఆమె పనికి పేరు లేదు. నేను కూడా దాన్ని పని అనలేదు. "నీకేంది, నీడపట్టున కూసుండి కుట్టుడే గద" అన్నాను ఒకసారి. ఆమె పళ్ల మధ్య దారం ఉంది. దాన్ని తెంపి సూదికి ఎక్కించింది.

కొలత తీయడానికి ఆమె బండిలోకి ఎక్కి తలుపులు వేసుకునేది. దారంతో కొలిచి ముడి వేసేది. పని అయ్యాక కూడా దిగేది కాదు. ముందు సీట్లోకి వచ్చి స్టీరింగు చక్రం మీద చేతులు పెట్టుకుని కూర్చునేది. "గుడ్డ కొలవనీకె ఇంతసేపా?" అని నేను బయటి నుంచి అరిచేవాణ్ని. నర్మద తండ్రి, మా మామ భూమయ్య, చాదర్‌ఘాట్ వైపు ఒక దేవిడీలో డ్రైవరు. చిన్నప్పుడు నర్మద ఆ ఇంటి పిల్లలకు తోడుగా వెనక సీట్లో పరదాల మధ్య కూర్చుని ఊరంతా తిరిగింది. దారి చూడలేదు, విన్నది. గేరు ఎప్పుడు మారింది, మలుపులో బరువు ఏ పక్కకు పడింది, మూసీ వంతెన ఎక్కామా దిగామా అన్నది ఒంటితో తెలుసుకునేది. పెళ్లయిన కొత్తలో ఇదంతా నాకు చెప్పింది. "గీ ముచ్చట్లు వంటింట్ల అక్కరకొస్తయా?" అన్నాను. మళ్లీ చెప్పలేదు.

శుక్రవారం షెడ్డుకు సెలవు. ఇంజన్లు వరసగా కొన్ని రోజులు తిప్పకపోతే బ్యాటరీలు చచ్చిపోతాయి. మిస్త్రీ కిషన్ సెలవు రోజున రాడు. ఆ పని నర్మద చేసేది. పరదాలు దించుకుని, స్టార్టు చేసి, రెండు గజాలు ముందుకు, రెండు గజాలు వెనక్కి. గేటు దగ్గర కాపలా నేను. బయటి నుంచి చూస్తే బండి తనంతట తానే కదిలినట్టు ఉండేది. శనివారం పొద్దున సాబ్ వచ్చి "బ్యాటరీలు మంచిగున్నయ్ సాయన్నా" అనేవారు. "ఔ సాబ్" అనేవాణ్ని.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సంవత్సరం శ్యామ్‌సుందర్ వచ్చాడు. ఆబిడ్స్‌లో బట్టల దుకాణం ఉన్నవాళ్ల అబ్బాయి. ఇరవై ఏళ్లు. నర్మదకూ ఇరవయ్యే. ఆ లెక్క నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఊరి బయట మైదానంలో దసరా సెలవులకు కుర్రకారు పందెం పెట్టుకున్నారు. అతనికి మొదటి పందెపు కారు కావాలి. తండ్రి ఇచ్చినది కొంచెమే, అందులోనే రావాలి. షెడ్డులో ఒక పెద్ద ఎర్ర బండి ఉంది. దాన్ని చూసి అతని కళ్లు అక్కడే ఆగిపోయాయి. సాబ్ దాన్నే అంటగట్టాలని చూస్తున్నారు. శ్యామ్‌సుందర్ నన్ను పక్కకు పిలిచాడు.

"సాయన్నా, నీకు దీంట్ల వాటా లేదు. జర నిజం చెప్పు. ఏది కొనాలె?"

రేపు చెప్తానన్నాను.

మధ్యాహ్నం అన్నం తింటూ నర్మదను అడిగాను. అడిగానని కూడా కాదు. "ఒక పిలగాడు పందెం కారు అంటుండు, పిచ్చోడు" అన్నాను. ఆమె గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"లాల్ బండి ఇయ్యకున్రి" అంది. "గది మోసం. ఇంజను పెద్దదే, కాని గడిగడికి నీళ్లు తాగుతది. ఆపినంక గూడ వణుకుతది. మలపాలంటే ముగ్గురు పట్టాలె."

"మరి?"

"మూలకున్న బేబీ ఆస్టిన్."

నాకు నవ్వొచ్చింది. కంటోన్మెంట్ దొర ఒకాయన విలాయత్ పోతూ వదిలేసిన బండి అది. తలుపులు లేవు, పైకప్పు లేదు, పక్కలు పీకేసి ఉన్నాయి. స్నానాల తొట్టికి చక్రాలు పెట్టినట్టు ఉంటుంది.

"నవ్వకు. మొదటి బండి గెలిపించేది గాదు, నేర్పేది గావాలె. గది తేలిక. తేలిక బండికి చిన్న ఇంజను చాలు, చిన్న బ్రేకు చాలు. టైర్లు తొందరగ అరగయ్. ఏదన్న ఇరిగితె సామాను నాంపల్లిలనే దొరుకుతది. పెద్ద బండి తప్పు జేస్తె చంపుతది. గిది తప్పు జేస్తె చెప్తది. ఎన్క చక్రాలు జారి జర తోక ఊపుతది, నువ్ ఇనాలె, అంతే." ఆగి, ఇంకా ఏదో ఉన్నట్టు నా వైపు చూసింది. "పదిహేను దినాల సంది జూస్తున్న దాన్ని. షెడ్డుల అన్ని బండ్లకు కొలత దీసిన. దానికొక్కదానికే తియ్యలే. గా బండికి పరదా యాడ కట్టాలె, చెప్పు?"

ఆమె అంతసేపు మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. పప్పు చల్లారిపోయింది.

"నాకు దాన్ని ఒక్కపారి నడపాలని ఉంది" అంది. "గీడ రెండు గజాలు గాదు. స్టేషన్ కాడికెల్లి, ఆబిడ్స్ మీదికెల్లి, ఫతేమైదాన్ గడియారం దాక. పొయ్యి రావాలె. మొకం మీద గాలి తగలాలె. ఇంకేం వద్దు."

"సరే" అన్నాను. "అమ్మే ముందు శుక్రవారం. మాటిస్తున్న."

మాట ఎందుకు ఇచ్చానో చెప్తాను. నాకు మిగతా సంగతులు కావాలి. ఇంజను ఎట్లా వినాలి, టైరు ఎక్కడ చూడాలి, బ్రేకు ఎట్లా నొక్కి చూడాలి అన్నవి అడిగాను. ఆమె అన్నీ చెప్పింది. మర్నాడు వాటిని ఒక్కొక్కటిగా శ్యామ్‌సుందర్‌కు అప్పజెప్పాను. అతను నోరు తెరుచుకుని విన్నాడు.

"గింత ఇల్మ్, గింత తెలివి యాడిది సాయన్నా నీకు?"

"అనుభవం" అన్నాను.

ఆ ఒక్క మాట. వెనక గదిలో కుట్టు మిషన్ ఆగింది. కొంచెం సేపటికి మళ్లీ కదిలింది.

శ్యామ్‌సుందర్ బండి ఖాయం చేసుకుని, వచ్చే శనివారం తీసుకుపోతానన్నాడు. సీటు చిరిగి ఉంది, ఈలోపు కుట్టి పెట్టమన్నాడు. ఆ పనీ నర్మదదే. ఆ వారం ఆమె పరదాల పని తొందరగా ముగించి ఆ చిన్న బండి దగ్గరే ఉండేది. ఏం చేస్తోందో నేను చూడలేదు. పాట మాత్రం వినపడింది. పని చేస్తూ ఆమె పాడటం అదే మొదలు. "ఏంది గా కూనిరాగం, బయటికి ఇనబడుతది" అన్నాను.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే వంట చేసి మూత పెట్టింది. కొంగు నడుముకు బిగించి, జడను ముడి వేసుకుని, తాళంచెవి పట్టుకుని బండి పక్కన నిలబడింది. నేను గేటు తీయాలి. గేటు అవతల స్టేషన్ జనం. టాంగాలవాళ్లు, కూలీలు, హోటల్ ముందు చాయ్ తాగేవాళ్లు. నేను తీయలేదు.

"ఇప్పుడు వద్దు" అన్నాను. "నలుగురు జూస్తరు."

"జూడనీ."

"తలుపు గూడ లేని బండ్ల, ఆడిమనిషి, నడిబజార్ల! సాబ్‌కు తెలిస్తె నా నౌకరీ పోతది. నీకేంది, నువ్ ఇంట్ల కూసుంటవ్."

ఆమె నన్ను చూసింది. "మాటిచ్చినవ్ గద" అని కూడా అనలేదు. అని ఉంటే నాకు కోపం తెచ్చుకునే వీలు ఉండేది. తాళంచెవిని మేకుకు తగిలించి, లోపలికి పోయి, మూత పెట్టిన వంట ఉండగానే పిండి తడిపింది. ఆ రోజు మాకు రొట్టెలు అవసరం లేదు. ఎన్ని చేసిందో తెలియదు. మిగిలినవి వీధిలో ఆవుకు వేశాను.

పందెంలో ఎనిమిది బండ్లు. శ్యామ్‌సుందర్ మూడోవాడిగా వచ్చాడు. మొదటిసారికి అది చాలా ఎక్కువ అన్నారు. ఎర్ర బండిని ఇంకెవరో కొన్నారు. అది సగం దారిలో ఆవిర్లు కక్కి నిలిచిపోయింది. శ్యామ్‌సుందర్ నా మెడలో దండ వేశాడు. "సాయన్న చేతి ఎంపిక" అన్న మాట అక్కడ పుట్టింది. "సీటు ఒక్కటే బాధ" అన్నాడు నవ్వుతూ. "మోకాళ్లు చక్రానికి తాకుతున్నయ్. పిల్లలకు కుట్టినట్టున్నది. కాని కలిసొచ్చింది, ఇగ ముట్టను."

ఇంటికి వచ్చి దండ మేకుకు తగిలించాను. తాళంచెవి ఉండిన మేకే.

"మలుపు కాడ గేరు ముందు మార్చిండా, తర్వాత మార్చిండా?" అని అడిగింది నర్మద.

"నేను జూడలే. సీటు మంచిగ కుట్టలేదట నువ్వు. మోకాళ్లు తాకుతున్నయట."

"సీటు మంచిగనే ఉంది" అంది. "ఆయన కాళ్లే పొడుగు."

తర్వాత ఆమె ఏ బండి ముందు సీట్లోనూ కూర్చోలేదు. కొలతలు బయట నిలబడి, కిటికీలోంచి చెయ్యి చాచి తీసేది. శుక్రవారాలు కూడా మానేసింది. బ్యాటరీలు చచ్చిపోయాయి. సాబ్ నన్ను తిట్టారు, నేను ఆమెను తిట్టాను. తిట్టు ముగిసేదాకా నిలబడి, పోయి కుట్టుకునేది. ఒక్కటి మాత్రం పోలేదు. మా గది గోడ అవతల రోడ్డు మలుపు. అక్కడ ఏ మోటారు గేరు మార్చినా, పిండి పిసికే ఆమె చేతులు ఆగేవి. తల ఒక పక్కకు వంచి వినేది. ఆలస్యంగా మార్చినట్టుంటే పెదవి విరిచేది. బాగా మార్చినట్టుంటే మెడ కొద్దిగా ముందుకు సాగేది, ఆ బండి వెంట కొంత దూరం పోయినట్టు. ఆబిడ్స్ దాకా పోయేదేమో, గడియారం దాకా పోయేదేమో. నేను ఎదురుగా కూర్చుని చూసేవాణ్ని. ఎంత దూరం పోయినవ్ అని ఒక్కనాడూ అడగలేదు. ఆమె తిరిగి వచ్చి పిండి పిసికేది. మూడేళ్లు అట్లా గడిచాయి. మియాదీ జ్వరం, అదే టైఫాయిడ్, వచ్చి ఇరవై ఒకటో రోజున దవాఖానలో పోయింది. పిల్లలు లేరు.

యుద్ధం, పెట్రోలు కూపన్లు. బండ్లు ఇండ్లలోనే మగ్గాయి. అంతా ముగిసాక, శ్యామ్‌సుందర్ పెద్ద కారు కొనుక్కుని చిన్నదాన్ని మళ్లీ మా షెడ్డుకే తోలి పోయాడు. వివరాలు రాయాలి. దానికోసం మొదటిసారి అందులో ఎక్కి కూర్చున్నాను.

మోకాళ్లు చక్రానికి తాకాయి. నేను పొడుగు మనిషిని కాను. దిగి సీటు ఎత్తి చూశాను. కింద రేకులో ఎనిమిది రంధ్రాలు. వెనక నాలుగు కంపెనీవి, గుండ్రంగా ఉన్నాయి. జానెడు ముందు నాలుగు చేత్తో తొలిచినవి. అంచులు వంకర. సీటు ఆ ముందు రంధ్రాలకు బిగించి ఉంది. కిషన్‌ను పిలిచాను.

"గిది నువ్ చేసినవా?"

"నేను గాదు, నర్మద వదినె చేసింది. అప్పట్ల బొక్కలు జేసే నా బర్మా అడిగి తీస్కున్నది. నేను తొలుస్త అంటె ఇనలే. రెండు దినాలు ఒక్కతే కూసుండి తొలిచింది, చేతులు బొబ్బలెక్కినయ్. ఎందుకు వదినె అంటె, శుక్రవారం బయటికి పోతున్న, ఆయన మాటిచ్చిండు, నా పొడుగుకు సరిజేసుకుంటున్న అన్నది." కిషన్ నా ముఖం చూశాడు. "నీకు తెల్వదా?"

ఆ వారం ఆమె చేతి అన్నం తిన్నాను. రోజుకు రెండుసార్లు ఆ చేతులు నా కంచం ముందుకు వచ్చాయి. బొబ్బలు నేను చూడలేదు.

సాబ్ వచ్చి సీటు వైపు చూశారు. "ఎవరు బిగించిన్రు గిట్ల?"

"నర్మద, సాబ్. గీ బండి ఎంచింది గూడ ఆమెనే. నేను గాదు. శ్యామ్‌సుందర్‌కు నేను చెప్పిన ప్రతి మాట ఆమెది."

"ఎవరు? పరదాలు కుట్టేటామెనా?" సాబ్ నవ్వారు. మంచి నవ్వే. నా భుజం తట్టారు. "పోయినోళ్ల మీద గట్లనే ఉంటది సాయన్నా. ఫికర్ జెయ్యకు. సీటు ఎన్కకు జరుపు. కొనేటాయన పొడుగు మనిషి."

పానా తీసుకున్నాను. నాలుగు బోల్టులు విప్పి సీటును వెనక్కి జరిపి బిగించాను. చేసింది నేనే. నౌకరీ కదా. ముందు నాలుగు రంధ్రాలు ఖాళీగా మిగిలాయి, వాటిలోంచి నేల కనపడుతోంది. వాటిని పూడ్చమని సాబ్ అనలేదు. అన్నా పూడ్చేవాణ్ని కాను.

బండి అమ్ముడుపోయింది. కొన్నాయన దాన్ని గేటు దాటించి ఆబిడ్స్ వైపు మలిపాడు. మలుపు దగ్గర గేరు ఆలస్యంగా మార్చాడు. అది నాకు వినపడింది.

నిజం ఒక్కసారి పలికాను, నవ్వారు. ఇప్పుడు రాశాను. ఆబిడ్స్‌లో ఎవరైనా "నీ చేతి ఎంపిక" అంటే లేచి వచ్చేస్తాను. పెండ్లాం మీద ప్రేమతో అల్లిండు, పోనీలే పాపం అనేవాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా తాగను. ఈ సంగతి నన్ను ఎవరూ అడగొద్దు. అడిగినా ఇక నా నోటి నుంచి రాదు.