దొంగకు నోచుకోని మొక్క

సలామినా అనే కొండ ఊళ్లో ఆ వీధి ఆడవాళ్లది ఒకటే నమ్మకం. అడిగి తెచ్చుకున్న పిలక మూడోనాటికి వాడిపోతుంది, దొంగిలించి తెచ్చిందైతే నాటిన చోటల్లా వేరు పడుతుంది. అందుకని పిలకలన్నీ దొంగలపాలై ఎవరి స్పైడర్ మొక్క ఎంత బోడిగా ఉంటే వాళ్లకంత పరువు.

డోన్యా ఉబాల్దినా మొక్క మాత్రం జడలు విరబోసుకుని ఉండేది. పిల్లల్ని కుండీ అంచు మీంచి బయటికి తోసేస్తుందని ఆ మొక్కను అక్కడ 'చెడ్డతల్లి' అంటారు. ఈ తల్లి తోసిన పిల్లలు వసారా నేలను ఊడుస్తున్నాయి. మూడేళ్లయినా ఒక్కరూ ముట్టలేదు. ఎదురింటి డోన్యా గ్రసియేలా కుండీ వారం వారం బోడవుతుంటే ఉబాల్దినాకు అరెపా రొట్టె ముక్క గొంతు దిగేది కాదు.

కొళాయి నీళ్లు పడవేమోనని వాన నీళ్లు పట్టి పోసింది. ఎండ తగలకుండా కుండీని రోజుకు నాలుగుసార్లు జరిపింది. చివరికి దాన్ని గుమ్మం పక్కనే వేలాడదీసి, తలుపు బార్లా తెరిచి, "చర్చికి వెళ్తున్నా! ఇంట్లో ఈగ కూడా లేదు!" అని వీధంతా వినేలా కేకేసి, పెరటి దారిన తిరిగొచ్చి ఫ్రిజ్ చాటున నక్కింది.

కాసేపటికి చెప్పుల చప్పుడు. సాక్షాత్తూ గ్రసియేలా, చేతిలో కత్తెరతో! ఉబాల్దినా ఊపిరి బిగబట్టింది.

గ్రసియేలా తీరు దొంగలా లేదు, సంతలో బొప్పాయిలు ఏరుతున్నట్టుంది. "దీని కొనలు మాడాయి. ఇది బక్కది. దీనికి చారలే లేవు. మేరీమాతా, ఇన్నింటిలో ఎత్తుకెళ్లడానికి పనికొచ్చేది ఒక్కటి లేదా!" అని గొణిగి, కత్తెర జేబులో వేసేసుకుంది.

"ఎడమవైపుది చూడండి! వేళ్లు కూడా వచ్చాయి!" అంది ఫ్రిజ్.

గ్రసియేలా కొయ్యబారిపోయింది. "ఇంట్లో ఎవరూ లేరన్నారుగా?"

"లేను. మీరు కానివ్వండి."

"ఇంకేం కానిస్తాను, డోన్యా ఉబాల్దినా! మీ నోటితో మీరే చూపించాక అది ఇచ్చినట్టే కదా. ఇక బతికినట్టే!"

"చూడమన్నాను గానీ, తీసుకోమన్నానా?"

"ఆ వకీలు మాటలు మొక్కకు చెప్పండి, వింటుందేమో."

ఉబాల్దినా కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లకు గుమ్మంలోకి వచ్చిన ఒక్క దొంగనూ నోరు జారి పాడుచేసుకుంది. గ్రసియేలాకు జాలే వేసిందో, ఎడమవైపుది నిజంగానే నచ్చిందో, కసుక్కున కత్తిరించి రొమ్మున దోపుకుంది.

"అలా నిలబడ్డారేం? అరవండి!"

"దొంగ! దొంగ! పట్టుకోండి!"

అరవై దాటిన గ్రసియేలా చెప్పులు చేతబట్టి ఏటవాలు వీధిలో పరుగందుకుంది. వెనకాలే ఉబాల్దినా, ఎక్కడ అందుకుంటానో అని కాస్త నెమ్మదిగా. కిటికీలు టపటపా తెరుచుకున్నాయి.

"ఏం ఎత్తుకెళ్లిందండీ?" అంది రొట్టెల కొట్టు ఆవిడ.

"నా పిలకండీ! వేళ్లొచ్చిన పిలక! ఇలా అందరూ మీద పడితే నేనొక్కదాన్ని ఎలా కాసుకోను?" అని ఉబాల్దినా మొత్తుకుంది, ఒక్కో కిటికీ కింద ఒక్కోసారి ఆగి.