మూత లేని చెంబు

కార్వాన్ బస్తీ పాలవాళ్ళలో ఒక కట్టడి ఉండేది. పొదుగు చెడిన ఆవు పాలు గడప దాటకూడదు, పరాయి కంట పడకూడదు. పడితే వాడకట్టు పశువులన్నిటికీ దిష్టి. అందుకే ఎవరి కొట్టంలో ఆ రోగం వచ్చినా గుట్టుగా ఏడ్చేవారు.

పుష్పమ్మకు మొగుడు పోయాక మిగిలినవి నాలుగు ఆవులు. అందులో పెద్దావు పొదుగు రాయిలా గట్టిపడింది, పాలు విరిగి పెళ్ళలుగా పడుతున్నాయి. మిగతా మూడింటికీ అంటుకుంటే కొట్టం మూసుకుని, బావ మైసయ్య ఇంట్లో పేడ ఎత్తాల్సిందే. ఆ బతుకు తలచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండేది.

పశువుల దవాఖానలో వామన్‌రావు అనే డాక్టరు, జబ్బు పాలలోని క్రిములను చంపి వాటితోనే టీకా తయారుచేస్తున్నాడని విన్నది. దానికి ఆ పాలే కావాలట.

"పాలు గడప దాటినయంటే నిన్ను కులంల కూసోనియ్య," అన్నాడు మైసయ్య.

"కూసోను తియ్ బావా. నిలబడే ఉంట."

చాటుగా పోవచ్చు. కానీ కోపం నషాళానికి అంటింది. పాలు చెంబులో పట్టి, మూత తీసి పారేసి, పట్టపగలు నడిబజారులోంచి నడిచింది.

"మంచిగ చూడుండ్రి! నా ఆవుకు రోగమొచ్చింది, దొంగతనం చెయ్యలే!"

పురానాపూల్ వంతెన దాటి దవాఖానకు చేరితే, వామన్‌రావు చెంబులోకి తొంగిచూసి తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది? బజార్ల దుమ్మంత ఇందుల పడ్డది. ఏ క్రిమి ఆవుదో, ఏది రోడ్డుదో నాకెట్ల తెలుస్తది?"

నీళ్ళలో మరగబెట్టిన సీసా, బిరడా చేతిలో పెట్టాడు. పొదుగు కడిగి, మొదటి ధారలు వదిలేసి పట్టమన్నాడు. అంత వీరంగమూ వృథా అయినందుకు పుష్పమ్మకు ఏడుపొచ్చింది. అయినా మర్నాడు అదే బజారులోంచి, సీసా పైకెత్తి పట్టుకుని పోయింది.

నెల రోజులకు టీకా వచ్చింది. "పెద్దావుకు ఫాయిదా లేదు. మిగతావాటికీ గ్యారంటీ లేదు," అన్నాడు డాక్టరు.

"ఊకె కూసుంటే గ్యారంటీగ పోతయి సాబ్. పొడువుండ్రి."

మూడింటిలో ఒకటి జబ్బుపడింది. రెండు నిలిచాయి. టీకా వల్లే నిలిచాయా అంటే డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. కొట్టం మాత్రం మూతపడలేదు.

ఒక మధ్యాహ్నం మైసయ్య అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. "మా ఆవుకు గూడ గట్లనే అయ్యింది. జర నువ్వే తీస్కపో. నాదని చెప్పకు."

పుష్పమ్మ మరగబెట్టిన సీసా తెచ్చి ఇచ్చింది. "నేను పోను. నువ్వే పట్టి, నువ్వే పో. నడిబజార్లకెల్లి పో. బిరడా మాత్రం తియ్యకు."

పాలు పట్టుకుని బయల్దేరిన మైసయ్య, బజారు మలుపులో సీసాను కండువా కిందికి జరిపాడు.

"పైకెత్తు బావా!" అని గడపలోంచి అరిచింది పుష్పమ్మ.