గొంతుగాడికి కొత్త పుల్లీ

కుట్టుమిషన్ల మెకానిక్‌కి వీధిలో శత్రువులెవరూ లేరు. ఇంట్లో మాత్రం ఒకడున్నాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్లమీద పాత రికార్డు ప్లేయరు, దాని కింది అరలో నల్లగా, గుండ్రంగా పడుంటాడు వాడు. అద్దె కట్టడు, అన్నం అడగడు, వాడికి వయసు మీద పడదు. ఆదివారం మధ్యాహ్నం లేచి మెకానిక్ భార్యకు ఒక పాట పాడి మళ్లీ పడుకుంటాడు.

ఆమె ఆస్పత్రిలో హెడ్ నర్సు. వార్డులో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే డాక్టర్లే చొక్కా గుండీలు సర్దుకుంటారని చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఆ పాట మొదలవగానే కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని, ఎండలో పెట్టిన మైనంలా మెత్తబడిపోయేది. "ఆయన గొంతు వింటే చాలు, వారం రోజుల ఒళ్లునొప్పులు పోతాయి" అనేది. మొగుణ్ణి అనాల్సిన 'ఆయన' ఆ ఇంట్లో పాటగాడి సొంతమైపోయింది. కట్టుకున్నవాడికి 'మా మెకానిక్' మిగిలింది. మెకానిక్ తన వంతుగా వాడికి గొంతుగాడని పేరు పెట్టుకున్నాడు. పైకి అనేవాడు కాదు, పళ్ల సందున అనుకునేవాడు.

ప్లేయరు ఆమె పెళ్లికి ముందు తన జీతంతో కొనుక్కున్నది. ఓడలో పనిచేసే ఇంజనీరొకడు ఊరు విడిచిపోతూ సామాను అమ్ముకుంటే, మూడు రికార్డులతో కలిపి తెచ్చుకుంది. ఒకటి వేణువు, ఒకటి బ్యాండు మేళం, మూడోది గొంతుగాడు. పాట ఏ భాషో ఎవరికీ తెలియదు. రేడియోలో ఎప్పుడూ రాలేదు. అట్టపెట్టె ఇంజనీరు దగ్గరే పోయింది. రికార్డు మధ్యనున్న కాగితం మీద మాత్రం పేరేదో ఉండేది, అర్థం కాని అక్షరాల్లో.

ఉండేది అనడానికి కారణం మెకానిక్కే. అతనికి పాడటమంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం గొంతుగాడితో పాటు తనూ గొంతు కలిపాడు. మాటలు రాకపోయినా "లాలలా" అంటూ నెట్టుకొచ్చాడు. భార్య ఎంతో మర్యాదగా, "ఆయన పాడుతుంటే మధ్యలో మీరెందుకండీ" అంది. ఆ తరవాత అతను ఇంట్లో నోరు తెరిచి పాడలేదు. పాడితే దుకాణంలోనే, అదీ రెండు మిషన్లు ఒకేసారి తిరుగుతున్నప్పుడు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, ఆ భాష తెలిసిన డాక్టరొకాయన ఆస్పత్రికి కొత్తగా వచ్చాడని, రేపు రికార్డు తీసుకెళ్లి పేరు చదివించుకుంటానని ఆమె సంబరంగా చెప్పింది. పేరు తెలిస్తే వాడు బంధువైపోతాడని మెకానిక్‌కి గుబులు పుట్టింది. గడ్డం గీసుకుంటున్నవాడు మధ్యలో లేచి, అదే బ్లేడుతో కాగితాన్ని గీకి అవతల పారేశాడు. అడిగితే ఎలుక కొరికిందన్నాడు.

ఇదంతా పాత సంగతి. కూతురు పుట్టి, పెరిగి, కాలేజీకి వెళ్తూ తండ్రిని ఆటపట్టించేంతదైంది. గొంతుగాడు మాత్రం ఆదివారం ఆదివారం పాడుతూనే ఉన్నాడు. ఇప్పుడు హెడ్ నర్సుకి ఉద్యోగ విరమణ దగ్గరపడింది. వచ్చే ఆదివారం వార్డు నర్సులు ఇంటికి వస్తామన్నారు. వాళ్లందరికీ ఆయన పాట వినిపించాలని ఆమె కోరిక. ప్లేయరు చూస్తే పాటకంటే ముందు తనే 'బొయ్'మని మూలుగుతోంది.

"ఆయన గొంతుకి జలుబు చేసినట్టుంది. కాస్త చూడండి" అంది మొగుడితో.

శత్రువుకి వైద్యం చెయ్యమంటే ఎవడికి చేతులాడతాయి. మెకానిక్ రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మూడోనాడు దుకాణంలో ఒక దర్జీ మిషనుకి నూనె వేస్తుండగా అతని బుర్రలో దీపం వెలిగింది. తుప్పు పట్టిన మిషను మీద వంకర కుట్టు పడితే తప్పంతా మిషనుదే అంటారు. అదే మిషను నున్నగా నడిస్తే దర్జీ వంకర బయటపడుతుంది. ఇన్నాళ్లూ ఆ మూలుగు చాటునే గొంతుగాడు బతికేస్తున్నాడు. ప్లేయరుని అద్దంలా చేసిపెడితే వాడు గుటక వేయడం, రొప్పడం, ముక్కుతో లాగడం అన్నీ వినిపిస్తాయి. అదీ నిండు సభలో, నర్సుల ముందు. ఆ తరవాత భార్య 'ఆయన' అన్న మాట తిరిగి తనకు ఇచ్చెయ్యాల్సిందే.

ఇక అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ప్లేయరు విప్పి మంచం మీద పరిచాడు. రికార్డు పెట్టే పళ్లెం తిరిగే ఇరుసుని కిరసనాయిలుతో కడిగి, ఖరీదైన మిషన్లకు మాత్రమే వేసే పల్చటి నూనె చుక్క వేశాడు. ఎండి పగిలిన రబ్బరు చాప తీసేసి, సంచులు కుట్టేవాడి దగ్గర తెచ్చిన మెత్తటి తోలు గుండ్రంగా కోసి పరిచాడు. అడుగుల చప్పుడు రికార్డు మీది ముల్లుకి తగలకుండా పాత కుట్టుమిషను ఇనుప పీట ఒకటి ప్లేయరు పెట్టె కింద బిగించి, దాని కింద టెన్నిస్ బంతులు సగానికి కోసి బోర్లించాడు. లోపల ఎర్తు వైరు వదులైపోయి ఊగుతోంది. దాన్ని గట్టిగా బిగించగానే మూలుగు నోరు మూసుకుంది.

"నాన్నా, నా సైకిలుకి గంట పెట్టమని ఏడాదిగా అడుగుతున్నా" అంది కూతురు.

"నీ సైకిలు పాడుతుందా?" అన్నాడు.

కొత్త ముల్లు కోసం బావమరిది దగ్గరికి వెళ్లాడు. అతనిది రేడియోలు, మిక్సీలు బాగుచేసే దుకాణం. మూలన ఇనుము, ఇత్తడి చెక్కే చిన్న లేతు కూడా ఉంది. హెడ్ నర్సుకి సొంత తమ్ముడు కాబట్టి ఈ ఇంటి కథంతా అతనికి కంఠతా వచ్చు.

"మగాళ్లకి కూడా సవతి ఉంటుందని నిన్ను చూశాకే తెలిసింది బావా" అన్నాడు ముల్లు పొట్లం కడుతూ. "ఆ సవతికి కొత్త చెప్పులు కొనిపెట్టే మగాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

పొట్లంతో పాటు చారల బొమ్మ ఉన్న గుండ్రటి కాగితం ఒకటి ఇచ్చాడు. దాన్ని పళ్లెం మీద పెట్టి ట్యూబులైటు కింద తిప్పితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు చారలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయని చెప్పాడు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే చారలు నిలబడటం మాట అటుంచి, తరిమినట్టు వెనక్కి పరిగెత్తాయి. మెకానిక్ కాగితం తప్పన్నాడు. తరవాత ట్యూబులైటు తప్పన్నాడు. చివరికి మోటారు ఊడదీసి బావమరిది ముందు పెట్టాడు.

మోటారు మీది రేకు చదివి బావమరిది పకపకా నవ్వాడు. అది వేరే దేశపు కరెంటు కోసం చేసిన మోటారట. ఇక్కడి కరెంటుకి బద్ధకంగా తిరుగుతుందట. ప్లేయరు వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో అన్ని రికార్డులూ నత్తనడకే నడిచాయన్నమాట. మోటారు కొసనుండి బెల్టుని తిప్పే చిన్న చక్రాన్ని, అదే పుల్లీని, కాస్త లావుగా చేస్తే సరిపోతుందన్నాడు.

మెకానిక్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గొంతుగాడి మీద భార్య చేసే పెద్ద పొగడ్త వాడి ఊపిరి గురించే. ఒక్క ఊపిరిలో ఎంతదూరం పోతారో ఆయన, అంటూ ఉంటుంది. ఆ ఊపిరి వాడిది కాదు, మోటారు బద్ధకానిది. వాణ్ణి సరైన వేగంతో పరిగెత్తిస్తే ఆయాసంతో నాలుక బయటపెడతాడు. అప్పటికప్పుడు ఇత్తడి పుల్లీ లేతు మీద చెక్కించుకుని వచ్చి బిగించాడు. చారలు బుద్ధిగా నిలబడ్డాయి. వేణువు రికార్డు పెట్టి చూస్తే కడిగిన ముత్యంలా పలికింది. గొంతుగాణ్ణి మాత్రం పెట్టి చూడలేదు. వాడి పరువు పదిమందిలోనే పోవాలి. పాత పుల్లీని జేబులో వేసుకుని ఆదివారం కోసం ఎదురుచూశాడు.

ఆదివారం నర్సులు వచ్చి కుర్చీల్లో కొందరు, చాప మీద కొందరు సర్దుకున్నారు. హెడ్ నర్సు వాళ్లకి ఆయన గురించి చెప్పింది. ఆ గంభీరం, ఆ మగతనం, అన్నీ చెప్పి, వార్డులో మాదిరిగా వేలు చూపి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంది. మెకానిక్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూతురు ముల్లు దించింది.

ఆడగొంతు పాడింది.

ఆయాసం లేదు, రొప్పు లేదు. నిబ్బరంగా, హాయిగా ఒక ఆడమనిషి పాడుకుంటూ పోతోంది. కాసేపటికి చాప మీది చిన్న నర్సు మెల్లగా అడిగింది.

"మేడం, ఆయన ఎప్పుడొస్తారు?"

హెడ్ నర్సు రికార్డు మారిందేమో చూడమంది. కూతురు వంగి చూసింది. మధ్యలో కాగితం గీకేసిన రికార్డు ఆ ఇంట్లో ఒక్కటే.

"అమ్మా, ఆయనే ఈవిడ" అంది. అని, నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

మెకానిక్ పుల్లీ సంగతి చెప్పి ముగించేలోపే నర్సులు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అతనికి మాత్రం నవ్వాలో కూలబడాలో తెలియలేదు. తల తీద్దామని కత్తి నూరుకుని వస్తే అసలక్కడ తలే లేదు. ఇన్నేళ్లు కడుపు మండించుకున్నది, నత్తనడకకి మగగొంతులా బొంగురుపోయిన ఒక ఆడకూతురి పాటకి.

అందరూ వెళ్లాక భార్య, ఆ రోజు డాక్టరుతో పేరు చదివించి ఉంటే అప్పుడే తెలిసిపోయేదంది. ఎలుక కొరికింది కదా అని గొణిగాడు మెకానిక్.

"ఎలుక గడ్డం గీసుకుంటుందా?" అంది ఆమె. "ఆ రోజు మీకు ఒక చెంపే గీసుంది. రెండో చెంప గడ్డంతో అలాగే దుకాణానికి పోయారు."

మెకానిక్ చెయ్యి తనంతట తనే చెంప మీదికి పోయింది. తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాడు.

"కుళ్లుకునే మొగుడు దొరకడం కూడా అదృష్టమే కదా అనుకున్నా" అని, కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకుంది. "సరే, ఆయన లేరు. మీరు పాడండి, వింటాను."

ఇన్నేళ్ల ఆకలికి ఒక్కసారిగా విస్తరి పరిచినట్టయింది. మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. అదే పాట అందుకున్నాడు, లాలలాలతోనే. మొదటి వరుస తడబడింది. రెండోదానికి భార్య కళ్లు మూసుకుంది. అది చూసి అతను రెచ్చిపోయాడు. మూడో వరుస పైకెత్తి, కళ్లు తనూ మూసుకుని, చెయ్యి కూడా ఊపాడు. వంటింటి గుమ్మంలో కూతురు దోసిలిలో ముఖం దాచుకుంది.

భార్య కళ్లు తెరిచింది.

"ఏమండీ, ఆ పాత పుల్లీ ఎక్కడుంది?"

అతను జేబు తడుముకున్నాడు. ఒక్క క్షణం పారేశానని చెబుదామనుకున్నాడు. కానీ ఆమె ముఖంలో వెటకారం లేదు. పోయిన మనిషి కోసం చూస్తున్నట్టు ఆ అర వైపే చూస్తోంది. చూడలేకపోయాడు.

మర్నాడు పుల్లీలు రెండూ బావమరిది ముందు పెట్టి, రెండు మెట్లున్న పుల్లీ ఒకటి చెక్కించుకొచ్చాడు. సన్నమెట్టు మీద బెల్టు వేస్తే ఆయన, లావుమెట్టు మీద వేస్తే ఆవిడ. బెల్టు మార్చడం భార్య ఆ పూటే నేర్చుకుంది. ఆస్పత్రినుంచి తెచ్చుకున్న పొడుగు పటకారుతో, కట్టు విప్పినంత ఒడుపుగా.

ఇప్పుడు మెకానిక్ సాయంత్రం ఇంటికొచ్చి గేటు దగ్గర ఆగి వింటాడు. భార్య మనసు బాగుంటే ఆవిడ పాడుతుంది. అలాంటి రోజు మెకానిక్ కూడా కాసేపు లాలలా అనుకోవచ్చు, అభ్యంతరం ఉండదు. కూరగాయలు తేవడం మరిచిపోయిన రోజో, పోయినవారం చేసిన తప్పు ఆమెకు ఇవాళ గుర్తొచ్చిన రోజో, లోపల ఆయన పాడుతుంటాడు.

ఆయన ఆవిడేనని అతనికి తెలుసు. ఆ మెట్టు తను దగ్గరుండి చెక్కించుకొచ్చిందే. అయినా గేటు తీస్తుంటే కడుపులో ఎక్కడో సన్నగా మండుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాడు.

"తలుపు మెల్లగా వెయ్యండి" అంటుంది ఆమె, కళ్లు తెరవకుండానే. "ఆయన పాడుతున్నారు."