చాలన్న మాట

బర్రె పక్కన కూర్చోవడానికి హాషంకి ఇప్పుడు గోడ ఆసరా కావాలి. ఒక చేత్తో గోడ పట్టుకుని, మోకాళ్లను బతిమాలుకుంటూ మెల్లగా కిందికి దిగాడు. గూట్లోంచి వెన్న డబ్బా తీసి, బిగుసుకున్న మూత ఊడదీసి, పాలు పిండేందుకు వేళ్లకు కాస్త వెన్న రాసుకున్నాడు. పొట్టి మనిషి. నెరిసిన గడ్డం, వంగిన భుజాలు, గడ్డి మోపులు మోసీ మోసీ మొద్దుబారిన అరచేతులు. ఆ చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. ఒక ధార బకెట్లో పడితే ఇంకోటి నేల పాలవుతోంది.

గడప మీద కూర్చున్న మాణిక్యమ్మ చూస్తూనే ఉంది. ఆమె కుడిచెయ్యి కొంగు కింద ఉంది. ఆ చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

"పాలు కింద వోతున్నయ్."

"అవ్ అక్కా. జొరమొచ్చినట్టు జర పెయ్యి వెచ్చగుంది."

వాళ్ల మధ్య మాటలు రోజూ అంతే. పాలు పిండి, చీమలు పట్టకుండా డబ్బా మూత గట్టిగా బిగించి గూట్లో పెట్టి హాషం లేచాడు.

ఒకప్పుడు అతనికి శేరిగూడ దారిలో గడ్డి కోసే మిషన్ ఉండేది. బర్రెకు మేత కోయించుకోవడానికి వచ్చిన మాణిక్యమ్మ, ఇరుక్కున్న జొన్నచొప్ప తీయబోయి అందులో చెయ్యి పెట్టింది. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న హాషం ఇటు చూడకుండానే స్విచ్ వేశాడు. ఆ తర్వాత అతను నవ్వలేదని కాదు. నవ్వే ముందు అటూ ఇటూ చూసుకోవడం మాత్రం అలవాటైపోయింది.

కేసు పెట్టమని ఆమె చుట్టాలంతా గోల చేశారు. పాల కేంద్రం పెద్ద అమరేందర్ ఇద్దరినీ అక్కడి అరుగు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఆమెకేం పోయిందో ఆమే చెప్పాలి, అతను తలెత్తి వినాలి, మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు అన్నాడు. బర్రెను పిండలేనని, జడ వేసుకోలేనని, ఎడమ చేత్తో అన్నం తింటుంటే ఏడుపొస్తోందని మాణిక్యమ్మ చెప్పింది. హాషం తలెత్తి విన్నాడు. అంతకంటే జైలే నయమనిపించింది.

నీకేం కావాలని అడిగితే ఆమె తడుముకోలేదు.

"ఈయన జైల్ల గూసుంటే నా బర్రెను ఎవలు పిండాలె? నా చెయ్యి జేసే పని ఈయన చెయ్యి జెయ్యాలె. చాలని నేనే జెప్త."

చాలన్న మాట ఆమె నోటినుంచే రావాలి. ఎవరూ అడగకూడదు, హాషం అసలే అడగకూడదు. అదీ ఒప్పందం.

అప్పటి బర్రె పోయి దాని దూడ ఇప్పుడు పాలిస్తోంది. హాషం మిషన్ అమ్మేసి గడ్డి అడితిలో కూలికి చేరాడు. భార్య జైతున్ బీని మట్టి చేసిన రోజు కూడా ఖబరస్తాన్ నుంచి తిన్నగా ఈ కొట్టానికే వచ్చాడు. ఆ రోజైనా మాణిక్యమ్మ చాలంటుందేమోనని ఆశపడ్డాడు. ఆమె బకెట్ అందించింది.

ఈవేళ పాలు పిండి వచ్చి అడితిలో లారీ గడ్డి దించుతుంటే బాలాపూర్ నుంచి కూతురు ఫిజా ఫోన్ చేసింది.

"అబ్బాజాన్, జొరమచ్చి ఒక్కనివి ఎట్లుంటవ్? నా దగ్గరికి రా. ఆమెను ఒక్క మాట అడుగరాదు?"

"అడుగొద్దన్నరు బిడ్డా."

"ఎప్పుడో అన్నరు. ఇప్పుడెవలికి యాదుంది?"

"నాకుంది."

మధ్యాహ్నానికి జ్వరం ఎక్కువైంది. గడ్డి మోపుల మీద ఒరిగాడు. కళ్లు తెరిచేసరికి పొద్దు గూకుతోంది. ఇన్నేళ్లలో పాలు పిండటానికి ఆలస్యం కావడం ఇదే మొదలు. పడుతూ లేస్తూ మాణిక్యమ్మ ఇంటికి వెళ్లాడు.

కొట్టంలోంచి పాలధార చప్పుడు వినిపిస్తోంది. ఎవరినో పిలిపించుకుందనుకుని వాకిట్లోనే ఆగాడు. మాణిక్యమ్మ ఒక్కతే ఉంది. మోకాళ్ల మధ్య బకెట్ ఇరికించుకుని ఎడమ చేత్తో పిండుతోంది. చుక్క కింద పడటం లేదు. ధార ఆపి వెన్న డబ్బాను పాదాల మధ్య నొక్కిపట్టి, పళ్లు బిగించి మూత తిప్పింది. అది రాలేదు. మళ్లీ తిప్పింది. ఎడమ చేత్తో పిండటం అలవాటైన పనే అని చూస్తే తెలుస్తోంది.

"ఎన్నాళ్ల సంది అక్కా?"

ఆమె ఉలిక్కిపడలేదు. "మస్తు రోజులాయె. నువ్వు పోయినంక మిగిలిన పాలు పిండుకుంట నేర్చుకున్న."

"మరి నన్నెందుకు రానిచ్చినవ్?"

"కొడుకు రావిర్యాల కంపెనీకి పోతే చీకటైనంక వస్తడు. కొంగు కప్పుకుంటే నా చెయ్యి సంగతి ఇంట్ల ఎవ్వలికీ యాదికి రాదు. నువ్వొక్కనివి యాదుంచుకున్నవ్. ఇడువబుద్ధి గాలె."

హాషంకి కోపం రావాలి. వచ్చింది కూడా. దాన్ని మోసే ఓపిక ఒంట్లో లేదు. గోడకానుకుని కూలబడ్డాడు. ఇన్నేళ్లూ తన శిక్షే లెక్కపెట్టుకున్నాడు గాని, ఆమె ఒంటరితనం ఏనాడూ కంటికానలేదు. దానికి సిగ్గేసింది.

"యాడున్నా మర్శిపోను అక్కా."

మాణిక్యమ్మ లేచి దగ్గరికొచ్చింది. కొంగు కింది చెయ్యి బయటికి తీసి, నాలుగు వేళ్లు లేని ఆ అరచేతిని అతని నుదుటి మీద పెట్టింది.

"కాలిపోతున్నవ్. చాలు హాషం. చాలిగ. బిడ్డ దగ్గరికి పో."

అతను ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, చెయ్యి కూడా తీయలేదు. కాసేపటికి హాషం లేచి డబ్బా మూత ఊడదీసి ఇచ్చాడు. మిగిలిన పాలు ఆమే పిండింది. డబ్బాను గూట్లో పెట్టి అతను వెళ్లిపోయాడు.

తెల్లారి ఫిజా ఆటో తెచ్చింది. అతని సామానంతా ఒక్క సంచిలో పట్టింది. ఆటో బాలాపూర్ దారి పట్టే వేళకు కొట్టంలో బర్రె పాలు పిండమని అరుస్తోంది. గూట్లో వెన్న డబ్బా ఉంది. మూత బిగించి లేదు, ఒక్క వేలు తగిలినా జరిగేలా ఊరికే పైన ఆనించి ఉంది.