అమ్మ పుట్టింటి పేరు

మూడో అంతస్తు గుమ్మం ముందు మైథిలి తడిబట్టతో ఇత్తడి పలక తుడుస్తోంది. కింద రోడ్డు మీద బస్సులు లేపే దుమ్మంతా తెల్లారేసరికి ఆ అక్షరాల గాడుల్లో పేరుకుంటుంది. ‘పోణంగి’ అని ఇంగ్లీషులో ఏడక్షరాలు. చూపుడువేలికి బట్ట చుట్టి ఒక్కో గాడీ గోటితో గీసుకుంటూ పోవాలి. మయూర్ విహార్‌లో ఇది వాళ్ల మూడో అద్దె ఇల్లు. ఇల్లు మారినప్పుడల్లా శేషగిరి మంచాల కంటే ముందు ఈ పలకనే బిగించేవాడు.

“క్యా బేటీ, రోజూ అలా రుద్దితే మీ ఆయన పేరు అరిగిపోదూ!” పాలపాకెట్లు తీసుకుంటూ ఎదురింటి భల్లా ఆంటీ హిందీలో అంది.

మైథిలి నవ్వి ఊరుకుంది. అది మా ఆయన పేరే కాదు ఆంటీ, మా అమ్మ పుట్టింటి పేరు కూడానని చెప్పాలనిపించినా చెప్పలేదు. కొత్తలో ఓసారి చెప్పింది. మా మేనమామ కొడుకునే చేసుకున్నానంటే ఆంటీ రెండు చెవులూ మూసుకుని, “హాయ్ రామ్, అన్నయ్యతోనా!” అంది. మా వైపు అన్నయ్య కాదు, బావ అంటారని వచ్చీరాని హిందీలో ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు.

లోపల శేషగిరి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గుర్‌గావ్ కంపెనీ దీపావళికి మిఠాయి డబ్బా చేతిలో పెట్టి, నెలాఖరుకల్లా ఇంటికి పొమ్మంది. అప్పటినుంచి రోజూ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ తెర ముందు కూర్చుంటున్నాడు. షేర్ల మార్కెట్టు మూడున్నరకి మూస్తారు. ఆ తర్వాత అతనితో ఏదైనా మాట్లాడాలంటే ముందు మొహం చూసుకోవాలి.

“బావా, ఇవాళ డ్రాఫ్టు తీసుకుంటా,” అంది మైథిలి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

“ఏం డ్రాఫ్టు?”

“బి.ఇడి.ది. రెండో వాయిదా. సోమవారం ఆఖరు తేదీ కదా.”

“అచ్ఛా,” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ తర్వాత చాలాసార్లు ఆమెకి ఆ ‘అచ్ఛా’ గుర్తొచ్చింది. అతను అప్పుడే ఆపి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

నోయిడాలో దుస్తులు ఎగుమతి చేసే కంపెనీలో మైథిలి రెండేళ్లుగా లెక్కలు టైపు చేస్తోంది. జీతం కోసం ఖాతా తెరిపించింది కంపెనీయే. ఇంటర్నెట్‌లో ఆ ఖాతా ఎలా చూసుకోవాలో నేర్పింది మాత్రం శేషగిరి. పాస్‌వర్డ్ అంటే ఒక పెద్దక్షరం ఉండాలి, ఒక అంకె ఉండాలి అంటూ పక్కన కూర్చుని మొదటి పాస్‌వర్డ్ అతనే కట్టించాడు. ఆర్నెల్ల తర్వాత అది ఆమె మార్చుకుంది. దాచుకోవాలని కాదు. ఆర్నెల్లకోసారి మార్చమని బ్యాంకువాళ్లే చెప్పారు. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనం వేళ బ్యాంకులో చెక్కు ఇస్తే కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ చూసి తిరిగి ఇచ్చేసింది. ఖాతాలో ఆరొందల చిల్లర ఉందిట. మైథిలి చెక్కు పట్టుకుని లోపలికి నడిచింది. లోపల బల్ల దగ్గర సదాశివరావు గారున్నారు. రాజమండ్రి మనిషి, రిటైరవడానికి ఏడాది ఉంది. ఆమెని చూస్తే తెలుగు మాట్లాడే అవకాశం దొరికిందని సంబరపడేవారు. ఆయన ఖాతా తెరిచి చూశారు.

“పదో తారీకున ఇంటర్నెట్‌లోంచి వెళ్లిందమ్మా. షేర్ల కంపెనీకి పంపించారు.”

“నేను పంపలేదండీ.”

“అంతకుముందు వారమే పాస్‌వర్డ్ మరిచిపోయానని కొత్తది అడిగారుగా మీరు? రహస్య ప్రశ్నకి జవాబు సరిగ్గానే ఉంది. సీలు కవరు కొరియర్లో ఇంటికి పంపాం. ఇదిగో, సంతకం పెట్టి తీసుకున్నారు.”

సంతకం ఒక గీత మాత్రమే. అయినా ఆ గీత మొదట్లో ‘పో’ వంపు ఎవరిదో ఆమెకి తెలుసు. పలక మీద ఓనమాలు దిద్దిన నాటినుంచి చూస్తున్న వంపు.

“రహస్య ప్రశ్న ఏంటండీ?”

“అమ్మ పుట్టింటి పేరు. ఫారంలో మీరే రాశారు, పోణంగి అని.” ఆయన ఆగి కళ్లద్దాలు పైకి జరుపుకున్నారు. “ఇదేంటమ్మా, ఇది మీ ఇంటిపేరు కదా. తప్పు రాశారా?”

“తప్పు కాదండీ. మాది మేనరికం.”

“అయితే మీ తాళంచెవి మీ గుమ్మానికే వేలాడుతోందన్నమాట,” అన్నారు సదాశివరావు గారు. ఆయన నవ్వించడానికే అన్నారు. ఆమె మాత్రం పొద్దున తన గోటితో శుభ్రం చేసిన ఏడక్షరాలు తలుచుకుంది.

సాయంత్రం వెళ్లేసరికి శేషగిరి టీ కాచి ఉంచాడు. ఎప్పుడూ కాచనివాడు.

“తీశాను,” అన్నాడు ఆమె అడక్కముందే. “నెల తిరిగేసరికి రెట్టింపు చేసి పెడదామనుకున్నా. పడిపోయింది. లేస్తుంది.”

“నా సంతకం పెట్టావు బావా.”

“నీ సంతకం ఎక్కడ పెట్టాను? పోణంగి అని గీశా. నేను పోణంగి కాదా?” నవ్వబోయాడు. “దొంగ వచ్చి ఎత్తుకుపోయినట్టు మాట్లాడతావేంటే? మన డబ్బు మన ఇంట్లోనే తిరిగింది. బి.ఇడి. వచ్చే ఏడు చేద్దువుగాని. పిల్లలకి ఎక్కాలు చెప్పడం ఏమన్నా పారిపోతోందా?”

“ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. మొదటి వాయిదా కూడా తిరిగి రాదు.”

“అదీ నా మీదే వేస్తావా? అసలు నువ్వు పాస్‌వర్డ్ మార్చకపోతే నేను ఇంత తిరుగుడు తిరిగేవాడినే కాదు.”

మైథిలి టీ గ్లాసు సింకులో పెట్టింది. టీ అలాగే ఉంది.

శనివారం పొద్దున్నే ఆఫీసులో అకౌంట్స్ ఖన్నా సాబ్ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన ఫైలు సంతకాలన్నీ అయ్యేవరకూ తలెత్తలేదు. విన్నాక, రెండు నెలల జీతం ముందుగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఏడాదంతా కొంచెం కొంచెంగా కోసుకుంటారు. నగదు ఇవ్వరు, చెక్కు ఇవ్వరు, ఖాతాలోనే వేస్తారు.

“సాయంత్రానికి పడిపోతుంది, ఠీక్ హై?” అన్నాడు.

ఠీక్ కాదు. శనివారం బ్యాంకు పన్నెండుకే మూస్తారు. డబ్బు సాయంత్రం పడితే డ్రాఫ్టు తీయడం సోమవారమే. మధ్యలో ఆదివారం ఉంది. కొత్త పాస్‌వర్డ్ శేషగిరి చేతిలో ఉంది.

గంట పర్మిషన్ అడిగి బ్యాంకుకి పరుగెత్తింది. సదాశివరావు గారు ఆమెని మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

“పాస్‌వర్డ్ మార్చితే చాలదమ్మా. ప్రశ్న కూడా మార్చండి. ఇకమీదట కవరు రాదు. జవాబు సరిపోతే మీ సెల్‌ఫోన్‌కి నాలుగంకెలు వస్తాయి. అవి కొడితేనే కొత్త పాస్‌వర్డ్. ఫోన్ దగ్గర పెట్టుకోండి.”

ఇంట్లో ఫోన్ ఫ్రిజ్ మీద ఛార్జర్‌కి ఉంటుందని, దాన్ని కొంగున ముడేసుకుని తిరగలేనని ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు.

తెర మీద ప్రశ్నలు వరుసగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. మీరు పుట్టిన చోటు? అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. పోణంగి వారి వంటింటి పక్క గదిలో తను పుట్టింది. రెండేళ్ల ముందు అతనూ అదే గదిలో పుట్టాడు. మొదట చదివిన బడి? ఇద్దరిదీ ఒకటే, అతను రెండు తరగతులు ముందు. చిన్నప్పుడు పెంచిన జంతువు? ఝాన్సీ అనే దూడ, పేరు పెట్టింది అతనే. ఒక్కో ప్రశ్న చదువుతుంటే ఒక్కో తలుపు తట్టి, లోపల అతను కూర్చుని ఉండటం చూసి వెనక్కి వచ్చినట్టుంది. ఇరవయ్యేడేళ్ల తన బతుకులో అతనికి తెలియనిది ఒక్కటైనా ఉందా అని వెతికింది. పెళ్లిచూపుల్లో చూసిన కొత్తవాడిని చేసుకున్న ఆడదానికి ఈపాటి చాటు ఉంటుంది కాబోలు.

ఆఖరి ప్రశ్న, చిన్ననాటి ప్రియ నేస్తం పేరు.

వేళ్లు వాటంతటవే ‘శేషు’ అని కొట్టేశాయి. వానాకాలం కాలవ మీది దుంగ దాటేటప్పుడు అతను ఆమె పలక కూడా పట్టుకుని, వెనక్కి నడుస్తూ, కిందకి చూడకు, నన్ను చూడు అనేవాడు. ఆమె ఒక్కో అక్షరం చెరిపేసింది.

“సరైన జవాబే రాయాలాండీ?”

“దానికి నిజంతో పనిలేదమ్మా. మీకు గుర్తుంటే చాలు.”

మూడో తరగతిలో నెల రోజులు పక్కన కూర్చుని, ఒక్క మాటైనా కలపకుండా బడి మానేసిన పిల్ల ఒకతె ఉండేది. పేరు సుభద్ర. ముక్కు, కళ్లు కూడా గుర్తులేవు. మైథిలి ‘సుభద్ర’ అని కొట్టి మీట నొక్కింది.

సాయంత్రం ఇంట్లో ఉండగా ఫోన్ కుయ్‌మంది, డబ్బు పడిందని. హాల్లో శేషగిరి తలెత్తి చూశాడు. ఎవరని అడగలేదు.

ఆదివారం భోజనానికి ముందు ఆమె వంటింటి గడప మీద కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. హాల్లో మీటల చప్పుడు ఆగింది.

“మైథిలీ, నీది తెరుచుకోవట్లేదేంటి?”

“మార్చాను.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“నాకు చెప్పకుండానా?”

“నువ్వు చెప్పే మార్చావా?”

అతను కుర్చీ ఇటు తిప్పాడు. కోపం లేదు, బతిమాలుతున్నాడు. అదే ఆమెకి భయం. “మైథూ, విను. ఖన్నా అడ్వాన్సు ఇచ్చాడు కదూ? నిన్న నీ ఫోన్‌లో మెసేజ్ చూశాలే. రేపొక్క పూట తిప్పుతా. పొద్దున పెడతా, మూడున్నరకి తీసేస్తా. పోయింది కూడా వెనక్కొస్తుంది. మీ కాలేజీకి మంగళవారం నేనే వచ్చి, బతిమాలి కడతా.”

“సోమవారం ఆఖరు బావా. వద్దు.”

“వద్దా?” లేచి వెళ్లి ఫ్రిజ్ మీది ఫోన్ తీసి అరచేతిలో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. “సరే. నాకు తెలియనిది నీ దగ్గర ఏముందో చూద్దాం.”

ఆమె లేవలేదు. లేచి లాక్కుంటే అది కొట్లాట అవుతుంది, కొట్లాటలో తను గెలవదు. మెంతికాడ తుంచుతూ అతన్ని చూసింది.

పాస్‌వర్డ్ మరిచిపోయానని నొక్కి, చిన్ననాటి నేస్తం ప్రశ్న తెర మీదకి రాగానే అతను పైకే చదివి పకపకా నవ్వాడు. “పిచ్చిమొహమా! ఊరంతా వెతికి ఇదా పెట్టుకున్నావ్?” ఆ నవ్వులో ఆమెకి కాలవ గట్టు మీది పిల్లాడు ఒక్క క్షణం కనిపించాడు. శేషు అని కొట్టి, ఎడమచేతిలోని ఫోన్ వంక చూశాడు, నాలుగంకెల కోసం.

ఫోన్ మోగలేదు. తెర మీద తప్పని వచ్చింది.

“ఓహో, పూర్తి పేరు.” శేషగిరి అని కొట్టాడు. తప్పు.

ఈసారి అతను నవ్వలేదు. చాలాసేపు మీటల మీద వేళ్లు పెట్టి ఊరుకున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు మెల్లగా ‘శేషుబావ’ అని కొట్టాడు. చిన్నప్పుడు ఆమె గోడవతల నుంచి కేకేసే పేరు అది.

ఫోన్ మోగింది. అతను ఆత్రంగా చూశాడు. మూడుసార్లు తప్పు చెప్పినందువల్ల ఇంటర్నెట్‌లో ఖాతా మూసివేయబడింది, బ్రాంచికి రండి అని ఉంది. మైథిలికి రేపు ఎలాగూ అక్కడే పని.

“ఎవరే మరి?” అన్నాడు. డబ్బు సంగతి మరిచిపోయినట్టుంది. “నేను కాక ఇంకెవరున్నారే నీకు?”

నువ్వే, అందుకే పెట్టలేదు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే అతని మొహం మళ్లీ మామూలవుతుంది. మామూలయ్యాక మళ్లీ చెయ్యి చాపుతాడు. సోమవారం డ్రాఫ్టు చేతికొచ్చేదాకా ఆ మొహం అలాగే ఉండాలి. మైథిలి తల దించుకుని ఇంకో మెంతికాడ తుంచింది.

అతను ఫోన్ తీసుకెళ్లి ఎక్కడిది అక్కడే, ఫ్రిజ్ మీద పెట్టాడు. ఛార్జర్ కూడా గుచ్చాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటుంటే చెయ్యి ఇత్తడి పలకకి తగిలింది. దాని వంక ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.