సన్నగొంతు పిట్ట

పియానోలు శ్రుతి చేసే ఆ పెద్దమనిషికి డాక్టర్ల మీద నమ్మకం తక్కువ. చెవులకు పరీక్ష ఏటా వసంతంలో, సరస్సు ఒడ్డు పార్కులో, తనకు తానే పెట్టుకునేవాడు. వలసపోతూ అక్కడ కొన్నాళ్లు ఆగే పిట్టల్లో బొటనవేలంతది ఒకటుంది. చెట్ల కొసల్లో ఆకుల చాటునే ఉంటుంది కాబట్టి కనపడదు, వినాల్సిందే. గొంతు మహా సన్నం. వయసు మీద పడితే ముందుగా చెవికి అందకుండా పోయేవి అలాంటి గొంతులే. అది వినపడిందా, ఇంకో ఏడాది పనికి ఢోకా లేదని ఆయన లెక్క.

ఈసారి నాలుగు రోజులు తిరిగినా వినపడలేదు. ఐదో పొద్దున భార్య పక్కన బెంచీ మీద కూర్చుని, తల ఓ పక్కకు వంచి, ఊపిరి బిగబట్టాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు.

"అబ్బ, ఎంత బాగా పాడుతోందండీ!" అంది ఆవిడ, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

ఆయన గుండెల్లో రాయి పడింది. నలభై ఏళ్లు అన్నం పెట్టిన చెవులు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయన్నమాట. సోమవారం సంగీతశాలలో పెద్ద పియానో తన కోసం కాచుకుని ఉంది. పై స్వరాలు చెడగొట్టి నవ్వులపాలు కావడం కంటే ముందే తప్పుకోవడం మర్యాద. ఫోన్ తీశాడు.

"పొద్దున్నే ఎవరికండీ?"

"సంగీతశాలకి. ఇంకెవర్నైనా చూసుకోమంటాను. నీకు వినపడ్డ పిట్ట నాకు వినపడలేదే. నా చెవులు పోయాయి."

ఆవిడ ముఖం పాలిపోయింది. "ముందా ఫోన్ లోపల పెట్టండి. నాకూ వినపడలేదు."

"మరి ఇప్పుడేగా అన్నావు?"

"మీరు తల వంచారుగా, వినపడిందనుకున్నా. ఆరేళ్లయిందండీ, నాకది వినపడక. మీ తల వంగితే చాలు, బాగుందనేస్తాను."

"ఆరేళ్లా! చెప్పొద్దూ?"

"చెబితే నన్ను ఇంట్లో వదిలేసి మీరొక్కరే వస్తారు. నాకిక్కడ కూర్చోవడం ఇష్టం."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇన్నేళ్లూ ఆ పాట గురించి తాను చెప్పిన పాఠాలు తలచుకుని ఆయనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కానీ భయం తీరలేదు. పిట్ట ఉండి వినపడలేదా, అసలు పిట్టే రాలేదా? పొడవాటి లెన్సు కెమెరాతో పిట్టల కోసం రోజూ తిరిగే అమ్మాయి అటుగా వస్తే, ధైర్యం కూడదీసుకుని అడిగేశాడు.

"సన్నగొంతుదా? ఇంకా రాలేదంకుల్. వారంగా ఎదురుగాలి కదా, దారిలో ఆగిపోయుంటాయి. ఇవాళ గాలి తిరుగుతుందట."

ఫోన్ జేబులోకి పోయింది. మనసు మాత్రం మర్నాటి దాకా కుదుటపడలేదు.

మర్నాడు పార్కు గేటు దాటారో లేదో, ఆయన ఉన్నపళంగా ఆగిపోయాడు.

"ఏమైందండీ? తల కూడా వంచలేదు!"

"వంచక్కర్లేదే. చెట్టంతా అదే!"

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి భార్య చెయ్యి అందుకున్నాడు. అరచేతిలో వేలితో తాళం వేశాడు. చిన్నగా మొదలై, ఒక చోట ఆగి, గబగబా పరుగెత్తి, మళ్లీ ఆగింది వేలు.

"ఇదీ పాట," అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "బాగుందండీ," అంది. ఆరేళ్ల తర్వాత ఆ మాట నిజంగానే అంది.