బయటి డిస్కు

స్క్రూలను విప్పిన వరసలోనే డబ్బా మూతలో పేర్చుకుంటున్నాడు ఆయన. కంప్యూటర్ పక్కరేకు తీసి గోడకు ఆనించాడు. లోపల ఏళ్ళ దుమ్ము దూదిలా పట్టి ఉంది. చిన్న బ్రష్షుతో తుడుస్తూ, తుమ్ము వచ్చినప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు. పొట్టి మనిషి. మెడలో తాడుకు కళ్ళద్దాలు, జేబులో టార్చి, కురచగా కత్తిరించిన గోళ్ళు.

అది చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షల గది. బల్ల మీద రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం ఉంది. దానికి ఈ కంప్యూటర్‌తో తప్ప వేరేదానితో మాటలు లేవు. అదీ కంప్యూటర్‌ను నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. లోపలి డిస్కు పోయిందంటే యంత్రం మూగదైపోతుంది. రిపోర్టులు నెట్‌లో పంపడానికి మాత్రం కొత్త సిస్టమ్ కావాలి. "పాతది పోకూడదు, కొత్తది రావాలి" అని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు. అందుకని కొత్తదాన్ని బయట తగిలించే డిస్కులో ఎక్కించాలి. స్విచ్చి వేయగానే ఏది కావాలో కంప్యూటరే అడుగుతుంది. కొనాల్సిన డిస్కు ఇంకా రాలేదు. ఆయన తన సొంతది తెచ్చాడు.

"బాబాయ్, బయట బెంచీ నిండిపోయింది" అంది ల్యాబ్ అమ్మాయి, గాజుగొట్టాలు సర్దుతూ.

"తొందరపెట్టకమ్మా. తొందరంటే నాకు చేతులు వణుకుతాయి."

"నిదానంగా చేసినా వణుకుతాయిగా!"

వీధంతా ఆయన్ను రెండుసార్ల బాబాయ్ అంటుంది. ఏదైనా ఒకసారి చేస్తే ఆయనకు నమ్మకం కుదరదు. ఈ పొద్దున కూడా ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూశాడు. కుట్టుపనికి బయల్దేరిన భార్య వీధిలో నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది. "వేశారు. నేను చూశాను. తాళం కూడా మిమ్మల్ని చూసింది. ఇక దయచేయండి" అంది. ఎడమ భుజం లాగుతోందని ఆమెతో చెబుదామనుకున్నాడు. చెబితే ఆమె హడలిపోతుంది, ఆమెను చూసి తాను హడలిపోతాడు. సంచీ బరువై ఉంటుందిలే అని కుడి భుజానికి మార్చుకున్నాడు.

చిన్నప్పటినుంచీ భయస్తుడే. బస్సు ఆగాకే లేచేవాడు. పెళ్ళిచూపుల్లో తల ఎత్తలేదు. పిల్లను చూడకుండానే ఒప్పుకున్నాడని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. ఈ కంప్యూటర్ల పనిలోకి వచ్చాక ఆ భయమే ఆయనకు తిండి పెట్టింది. ఇతరుల ఫైళ్ళు చెరిపేస్తానేమోనని ప్రాణం బిగబట్టుకుని పనిచేసేవాణ్ణి జనం పిలిచి మరీ పని చెబుతారు.

ఆయనకొక పద్ధతి ఉంది. బయటి డిస్కులో ఏది ఎక్కించాలన్నా, ముందు లోపలి డిస్కు కేబుల్ ఊడదీస్తాడు. అప్పుడిక చెయ్యి తప్పినా పాతదానికి ముప్పు లేదు. ఈరోజూ కేబుల్ కొసను వేళ్ళతో పట్టుకున్నాడు. ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగి పెళుసుగా ఉంది. కొంచెం కదపగానే కిర్రుమంది. విరిగితే అలాంటిది వెంటనే దొరకదు. ఆ పక్కనే యంత్రం, అవతల బెంచీ మీద మోచేతి మడతలో దూది అదుముకున్న మనుషులు. కేబుల్ వదిలేశాడు. జీవితంలో మొదటిసారి ఊడదీయకుండానే పని మొదలుపెట్టాడు.

ఏ డిస్కులో వేయమంటావని తెర అడిగింది. టార్చి వేసి బయటి డిస్కు మీది అంకె చదివాడు. తెర మీది అంకె చదివాడు. మళ్ళీ రెండూ చదివాడు. మీట నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

అంతా బాగానే అయింది. కంప్యూటర్ అడిగింది, పాతదంటే పాతది వచ్చింది, కొత్తదంటే కొత్తది. ల్యాబ్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఇక పక్కరేకు బిగించేయండి బాబాయ్."

"ఉండమ్మా. బయటిది లేకుండా పాతది ఒక్కటే వస్తుందో లేదో చూడాలి."

"రెండోసారి చూడకపోతే మీకు ముద్ద దిగదు."

కంప్యూటర్ ఆపి, తన డిస్కు తీసి, స్విచ్చి వేశాడు.

తెర నల్లగా ఉండిపోయింది. పైన ఎడమమూల తెల్లక్షరాల వరస ఒకటి, దాని కింద రెపరెపలాడే గీత. అంతే. ఇంకేమీ లేదు.

మళ్ళీ ఆపి వేశాడు. అదే నలుపు. ల్యాబ్ అమ్మాయి నవ్వు సగంలో ఆగిపోయింది. తలుపు సందులోంచి ఒక తల్లి తొంగిచూసింది. ఆమె భుజం మీద జ్వరంతో సోలిపోయిన పాప. "పాప రిపోర్టు చూశాకే మందు ఎక్కిస్తామన్నారమ్మా, ఎంతసేపవుతుంది?" అనడిగింది.

చంపేశాను, అనుకున్నాడు ఆయన. ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డాడో అది వచ్చి ఎదురుగా కూర్చుంది.

డిస్కు మళ్ళీ తగిలించాడు. స్విచ్చి వేసి గోడ పట్టుకున్నాడు. తెర వెలిగింది. ఏది కావాలని అడిగింది. పాతది వచ్చింది. యంత్రం గుర్రుమని లేచింది.

అప్పటికి బోధపడింది. లోపలి కేబుల్ ఊడదీయని పాపానికి, ఏది కావాలని అడిగే గుమ్మం వెళ్ళి లోపలి డిస్కులో కూర్చుంది, దాని తాళంచెవి బయటి డిస్కులో ఉంది. ఇది లేకపోతే అది లేవదు. సరిచేయడం ఆయనకు తెలుసు. కానీ దానికి కంప్యూటర్ చాలాసేపు ఆపాలి, కొత్త కేబుల్ వెతికి తేవాలి.

"పాప రక్తం గొట్టం యంత్రంలో పెట్టమ్మా ముందు" అన్నాడు, కుర్చీలో కూలబడి.

"మొహం సున్నం కొట్టినట్టుంది బాబాయ్. ఆ చేత్తోనే మీ రక్తం కూడా చూస్తాను, చెయ్యి చాపండి."

"వద్దు తల్లీ. సూదంటే భయం." కాస్త ఊపిరి తీసుకుని అన్నాడు. "ఈ డిస్కు తీయకు. ఎవరు అడిగినా తీయనివ్వకు. రేపు పెందలాడే వచ్చి సరిచేస్తాను."

"రేపు కూడా రెండుసార్లు వస్తారా?"

"ఒక్కసారే వస్తాను."

తెల్లటేపు చించి డిస్కు మీద అంటించాడు. పెన్నుతో ఏదో రాశాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, టేపు అంచును బొటనవేలితో మళ్ళీ అదిమాడు.

వరండాలో బెంచీ మీద పాప తల్లి కాస్త జరిగి చోటిచ్చింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని గోడకు తల ఆనించాడు. అలసిన పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకుంది ఆమె. పాప ఏడవబోతే నోటికి చెయ్యి అడ్డంపెట్టి ఊరుకోబెట్టింది.

కాసేపటికి ల్యాబ్ అమ్మాయి పాప రిపోర్టు పట్టుకుని వచ్చింది. ఆయన్ను చూసి, "బాబాయ్, ఇంకా వెళ్ళలేదా?" అంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చేతిని వదలకుండా రెండోసారి పిలిచింది.

పెద్దకర్మ అయిన తరవాతి వారంలో భార్య వచ్చింది. ఆయన మరిచిపోయిన బ్రష్షు తీసుకుని, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. ల్యాబ్ అమ్మాయి తల దించుకుని కంప్యూటర్ వైపు చూపించింది. "ఆ డిస్కు మీదే పిన్నీ. వేరే మెకానిక్కు వచ్చి తీస్తానన్నాడు, నేను ముట్టుకోనివ్వలేదు. అది తీస్తే ఇది లేవదు."

భార్య వంగి టేపు మీది రాత చూసింది. వేలు దగ్గరగా పెట్టింది గానీ తాకలేదు.

"ఉండనీ అమ్మా. ఆయన చూసుకునే పెట్టి ఉంటారు."

ఆమె వెళ్ళాక యంత్రం గుర్రుమంది. కంప్యూటర్ పక్కన, అంచులు నలిగిన తెల్లటేపు కింద, ఆ డిస్కు నీలం దీపం ఆగి ఆగి వెలుగుతోంది. టేపు మీద ఒకదాని కింద ఒకటిగా, తీయవద్దు, తీయవద్దు అని రెండుసార్లు రాసి ఉంది.